రాజమండ్రి విమానాశ్రయానికి 347 కోట్లు: ప్రయాణికుడి చేతికి అందేదెంత?

గోదారిగట్టు | శుక్రవారం, రాత్రి 8.40

రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడిలో కొత్త టెర్మినల్ గురించి ఇక్కడ ముక్కలు ముక్కలుగా చాలా చోట్ల మాట్లాడుకున్నాం. ఒకచోట చేరుద్దామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

తెలిసిన లెక్కలు ఇవి. 2023 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. అంచనా వ్యయం సుమారు 347 కోట్లు. ఇప్పుడున్న భవనం 4,065 చదరపు మీటర్లు, దానికి 17,029 చదరపు మీటర్లు చేరుస్తున్నారు. అంటే మొత్తం 21,094, ఉన్నదానికి అయిదు రెట్లు. రద్దీ గంటలో 2,100 మందిని తట్టుకునేలా కడుతున్నారట.

పెద్ద భవనం వస్తోందంటే నాకూ సంతోషమే. కానీ పెట్టె పట్టుకుని వరుసలో నిలబడే మనిషిగా అడుగుతున్నాను, ఇందులో మనకు అందేదెంత? నా కోరికలు చిన్నవి. విమానం ఆలస్యమైతే కూర్చోవడానికి కుర్చీ, తాగడానికి ఉచితంగా మంచినీళ్ళు, తడి లేని మరుగుదొడ్డి, తెలుగులో అర్థమయ్యే ప్రకటన, బయటికి రాగానే ఊళ్ళోకి బస్సు. వీటికి 347 కోట్లు కావాలా, లేక శ్రద్ధ కావాలా? మీ మాట చెప్పండి.

కాకినాడ కాజా | శుక్రవారం, రాత్రి 9.15

గోదారిగట్టు గారూ, శుభకార్యం మొదలుకాకముందే వంట బాగాలేదంటే ఎలాగండీ!

ఈ విమానాశ్రయం ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకోండి. రన్‌వే 1,749 మీటర్లు ఉన్నన్నాళ్ళు ఏటీఆర్ లాంటి చిన్న ప్రొపెల్లర్ విమానాలు తప్ప పెద్దవి దిగే వీలే లేదు. దాన్ని 3,165 మీటర్లకు పెంచాకే ఎయిర్‌బస్ రాగలిగింది. 2024 డిసెంబరులో ముంబైకీ ఢిల్లీకీ నేరుగా విమానాలు మొదలయ్యాయి. అంతకుముందు ఢిల్లీలో పని ఉంటే హైదరాబాదులో దిగి, మళ్ళీ ఎక్కి, రోజంతా పోగొట్టుకునేవాళ్ళం. ఇప్పుడు ఎక్కేది పెద్ద విమానం, కూర్చునేది మాత్రం చిన్న విమానాల నాటి హాల్లో. భవనం పెరగక తప్పదు. కాకినాడ, సామర్లకోట, అమలాపురం, తణుకు, ఇందరికీ దగ్గరి విమానాశ్రయం ఇదే కదా.

సివిల్‌పని | శుక్రవారం, రాత్రి 10.02

"రద్దీ గంట" అనే మాట మీద కొంత అపోహ ఉంది. నేను కట్టడాల పనిలో ఉన్నవాణ్ణి (ఈ టెర్మినల్ పనిలో కాదు), అందుకే కొంచెం విడమరిచి చెబుతాను.

టెర్మినల్ సైజును ఏడాది మొత్తం మీద ఎంతమంది వస్తారో చూసి నిర్ణయించరు. ఒకే గంటలో ఎంతమంది ఒకరి మీద ఒకరు పడతారో చూసి నిర్ణయిస్తారు. ఏటీఆర్ 72లో 78 మంది పడతారు. అది దిగినప్పుడు 78 మంది బయటికి వస్తే, వెళ్ళేవాళ్ళు మరో 78 మంది లోపల ఎదురుచూస్తుంటారు. కలిపితే 156. అదే ఎయిర్‌బస్ 320లో 186 మంది. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ కలిపి 372. రెండు ఎయిర్‌బస్‌లు అరగంట తేడాతో వచ్చాయనుకోండి, 744 మంది ఆ ఒక్క హాల్లో చేరతారు. తనిఖీ యంత్రాలు ఎన్ని, బెల్టులు ఎన్ని, మరుగుదొడ్లు ఎన్ని అన్నది ఈ అంకె మీదే ఆధారపడుతుంది. రోజంతా ఖాళీగా ఉన్న భవనం ఆ ఒక్క గంటలో సంత అయిపోతుంది.

మరో చిక్కు ఏమిటంటే పొగమంచు. శీతాకాలంలో పొద్దుటి విమానాలన్నీ వెనక్కి జరిగి ఒకేసారి వచ్చి పడతాయి. కాగితం మీద గంటకొకటి ఉన్న విమానాలు ఆ రోజు గంటకు మూడు అవుతాయి. కొలతలో కొంత ఊపిరి వదలాలి.

పాతపేపరు | శుక్రవారం, రాత్రి 10.40

ఊపిరి వదలాలి సరే, మీ లెక్కనే తీసుకుందాం. 2,100ను 372తో భాగిస్తే ఇంచుమించు ఆరు వస్తుంది. అంటే గంటలో ఆరు ఎయిర్‌బస్‌లు వచ్చి వెళ్ళాలి. ఏడాదికి నాలుగయిదు లక్షల మంది వచ్చిపోయే చోట గంటకు ఆరు ఎయిర్‌బస్‌లు! ఎక్కడి నుంచి వస్తాయండీ, ధవళేశ్వరం గేట్లు ఎత్తితే వస్తాయా?

కోనసీమ కోడలు | శుక్రవారం, రాత్రి 10.55

చర్చకు సంబంధం లేదేమో, కానీ ఇక్కడ తెలిసినవారు ఉంటారని అడుగుతున్నాను. మా అత్తగారికి 76 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కలేరు. వచ్చే గురువారం రాజమండ్రి నుంచి హైదరాబాదు తీసుకెళ్ళాలి, విమానం ఏటీఆర్. చక్రాల కుర్చీ లోపలి దాకా వస్తుందా? క్రితంసారి వేరే ఊరి విమానాశ్రయంలో కుర్చీ మెట్ల దగ్గర ఆగిపోయింది, ఇద్దరు కుర్రాళ్ళు చేతుల మీద ఎత్తుకుని ఎక్కించారు. ఆవిడ ఆ రోజంతా మాట్లాడలేదు.

లెక్కల మాస్టారు | శనివారం, ఉదయం 6.20

ఈ చర్చ పేరులోనే ఒక సవరణ చెయ్యాలి. ఎవరో ఇచ్చినట్టుంది అది, ఊళ్ళో కూడా అందరూ "ప్రభుత్వం ఇచ్చిన 347 కోట్లు" అంటున్నారు. ఇచ్చినది ఎవరు?

దేశంలో ఇలాంటి విమానాశ్రయాలను నడిపేది భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ. 1995లో రెండు పాత సంస్థలను కలిపి దీన్ని ఏర్పాటు చేశారు. టెర్మినళ్ళ నిర్మాణానికి పెట్టే డబ్బులో ఎక్కువ భాగం దాని సొంత రాబడి, అప్పులు. ఆ రాబడి ఎక్కడిది? విమానం దిగినందుకు రుసుము, నిలిపినందుకు రుసుము, గగనతలంలో దారి చూపినందుకు రుసుము, ప్రయాణికుడి మీద వినియోగదారు అభివృద్ధి రుసుము, దుకాణాల అద్దెలు. ప్రైవేటు సంస్థలకు అప్పగించిన చోట్ల నుంచి వాటా కూడా వస్తుంది. ఢిల్లీ విమానాశ్రయం ఒప్పందంలో ఆ వాటా స్థూల ఆదాయంలో 45.99 శాతం. అంటే ఢిల్లీలో ఎవరో కాఫీ తాగినా అందులో కొన్ని పైసలు తిరిగి తిరిగి మధురపూడి ఇటుకల్లో చేరుతున్నాయన్నమాట.

మీ టికెట్ తీసి కింద వివరాలు చదవండి. అక్కడ భద్రతా రుసుము అని ఉంటుంది. 2019 జులైలో దేశీయ ప్రయాణికుడికి 150 రూపాయలుగా మొదలై, 2021 ఏప్రిల్ నుంచి 200 అయింది. అది భద్రత ఖర్చుకు పోతుంది, భవనానికి కాదు. భవనం ఖర్చు రాబట్టుకునేది వినియోగదారు రుసుము నుంచి. అది ఊరిని బట్టి మారుతుంది. ఏడాదికి 35 లక్షల మంది ప్రయాణికులు దాటిన ప్రధాన విమానాశ్రయాలకు ధరలు నిర్ణయించే ప్రత్యేక నియంత్రణ సంస్థ ఉంది. మనలాంటి చిన్నవాటికి మంత్రిత్వ శాఖే నిర్ణయిస్తుంది.

కాబట్టి "ప్రభుత్వం కట్టిస్తోంది, ఎంత పెద్దదైతే మనకేం" అనుకోకండి. భవనం పెద్దదైతే దాని ఏసీ బిల్లూ పెద్దదే. ఆ బిల్లు చివరికి టికెట్ మీదికే వస్తుంది.

కాకినాడ కాజా | శనివారం, ఉదయం 8.05

మాస్టారూ, అయితే నష్టం వచ్చే ఊళ్ళకు అసలు కట్టకూడదంటారా? రైల్వే కూడా ఒక లైనులో సంపాదించి మరో లైనులో ఖర్చు పెడుతుంది. గోదావరి జిల్లాల వాళ్ళు దశాబ్దాలుగా హైదరాబాదు, చెన్నై విమానాశ్రయాల్లో రుసుములు కడుతూనే ఉన్నారు. అందులో కొంచెం ఇటు వస్తే తప్పా?

లెక్కల మాస్టారు | శనివారం, ఉదయం 8.30

తప్పని నేను అనలేదు. ఎవరి డబ్బో తెలిస్తే అడిగే గొంతు మారుతుందని అన్నాను. దానం తీసుకునేవాడు బియ్యంలో రాళ్ళు ఏరుకుంటాడు, కొనుక్కున్నవాడు వెనక్కి తీసుకెళ్ళి అడుగుతాడు.

మస్కట్ మేస్త్రి | శనివారం, మధ్యాహ్నం 1.10

నమస్కారం. నాది పి.గన్నవరం దగ్గర, పద్నాలుగేళ్ళుగా గల్ఫులో ఉంటున్నాను. మా మండలాల నుంచి మస్కట్, కువైట్, దోహాలకు వచ్చినవాళ్ళు ఇంటికొకరు ఉంటారు. ఇళ్ళలో పనికి వచ్చిన ఆడవాళ్ళు కూడా చాలామంది.

మా ప్రయాణం ఎలా ఉంటుందో చెబుతాను. నాలుగు గంటలు ఎగిరి హైదరాబాదులో దిగుతాం. అక్కడి నుంచి బస్సో రైలో పట్టుకుని రాత్రంతా కూర్చుని, పొద్దున్న రావులపాలెంలో దిగి, ఆటో. సముద్రం దాటడం కన్నా హైదరాబాదు దాటడమే ఎక్కువ సేపు. తాళ్ళు కట్టిన అట్టపెట్టెలు ముప్ఫై కిలోలు ఉంటాయి, వాటి మీదే తల పెట్టుకుని పడుకుంటాం. రెండేళ్ళకు ఒకసారి వచ్చే నెలరోజుల సెలవులో రెండు రోజులు ఈ దారికే పోతాయి.

నన్నడిగితే 347 కోట్లలో ఒక మూలన నాలుగు ఇమిగ్రేషన్ బల్లలూ, ఒక కస్టమ్స్ గదీ పెట్టమంటాను. వారానికి ఒక్క గల్ఫ్ విమానం వచ్చినా చాలు. అద్దాల గోడలు తరువాత.

పాతపేపరు | శనివారం, మధ్యాహ్నం 2.25

మేస్త్రి గారూ, మీ బాధ న్యాయమైనదే. కానీ బల్లలు వేసినంత మాత్రాన విమానం రాదు. విజయవాడ అనుభవం చూడండి.

గన్నవరానికి 2017 మేలో అంతర్జాతీయ హోదా వచ్చింది. మొదటి విదేశీ విమానం సింగపూర్‌కు ఎగిరింది 2018 డిసెంబరులో, అదీ మిగిలిపోయిన సీట్ల నష్టాన్ని రాష్ట్ర ప్రభుత్వం భరిస్తానంటేనే. 2019లో ఆ సాయం ఆగింది, విమానమూ ఆగింది. తరువాత 2022 అక్టోబరులో షార్జా విమానం వచ్చేదాకా మళ్ళీ ఎదురుచూపులే.

చిన్న ఊళ్ళకు చవకగా విమానాలు నడపాలని కేంద్రం తెచ్చిన ఉడాన్ పథకం సంగతి ఇంకా పెద్దది. 2017 ఏప్రిల్ 27న సిమ్లాతో పాటు మన కడప–హైదరాబాదు విమానాన్ని కూడా ఆ పథకం కిందే మొదలుపెట్టారు. అప్పట్లో గంట ప్రయాణానికి 2,500 రూపాయలు, మూడేళ్ళ పాటు నష్టానికి సాయం. మంచి ఆలోచనే. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023లో ఇచ్చిన నివేదిక ఏం చెప్పిందో చూడండి. మూడో విడత వరకు కేటాయించిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ళ గడువు పూర్తిచేసుకున్నవి 112. వాటిలో 2023 మార్చి నాటికి ఇంకా నడుస్తున్నవి 54.

774లో 54! కట్టడం మీద ఉన్న మక్కువ నడపడం మీద లేదు. భవనానికి శిలాఫలకం ఉంటుంది, విమాన వేళల పట్టికకు ఉండదు కదా.

కోనసీమ కోడలు | శనివారం, సాయంత్రం 4.00

నా ప్రశ్న ఎవరి కంటా పడలేదనుకుంటాను. ఏటీఆర్‌కు చక్రాల కుర్చీ సంగతి.

మధురపూడి మనవడు | శనివారం, రాత్రి 7.45

ఊరివాణ్ణి, ఒక మాట చెప్పనివ్వండి. బ్రిటిష్ కాలం నుంచి ఇక్కడ దిగే మైదానం ఉంది. 1980లలో వాయుదూత్ చిన్న విమానం వచ్చేది. అది దిగేటప్పుడు మా తాతగారు నాగలి ఆపి చూసేవారట, ఎద్దులు మాత్రం చూసేవి కావట. రన్‌వే పొడిగించినప్పుడు ఆయన చేను దాని కిందికి వెళ్ళింది. తూర్పు వైపు నుంచి విమానం దిగుతుంటే "అదిగో, మన నారుమడి మీద చక్రాలు పెట్టింది" అంటుంది మా నాన్నమ్మ, నవ్వుతూనే.

మేము అడిగేది వేరు. ఇంత పెద్ద టెర్మినల్‌లో ట్రాలీలు తోసేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు, తనిఖీ దగ్గర ట్రేలు సర్దేవాళ్ళు, దుకాణాల్లో పనిచేసేవాళ్ళు కావాలి. చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలకు ఆ పని నేర్పి తీసుకుంటారా? లోపల దుకాణాల్లో ఒక్కటైనా మా ఆడవాళ్ళ పొదుపు సంఘానికి ఇస్తారా? మా పూతరేకులు ఆత్రేయపురం నుంచి అరగంటలో తెప్పించి పెడతాం. రెండు వందల రూపాయల శాండ్‌విచ్ కన్నా మెరుగు.

గోదారిగట్టు | శనివారం, రాత్రి 8.10

మనవడు గారూ, ఆత్రేయపురం నుంచి మధురపూడికి అరగంటా? ధవళేశ్వరం బ్యారేజీ దాటి, ఊరు దాటి రావాలి, మీరు రోడ్డు మీద కాక రన్‌వే మీద వస్తున్నట్టున్నారు! పూతరేకుల మాట మాత్రం నూటికి నూరుపాళ్ళు బలపరుస్తున్నాను.

తిండి ధరల గురించి కూడా ఒక మాట. కోల్‌కతా విమానాశ్రయంలో 2024 డిసెంబరులో ఉడాన్ యాత్రీ కేఫ్ అని తెరిచారు. టీ 10 రూపాయలు, నీళ్ళ సీసా 10, సమోసా 20. ఆ తరువాత చెన్నైలోనూ పెట్టారు. దీనికి కోట్లు అక్కరలేదు. ఒక కౌంటర్ స్థలం అద్దె తగ్గించి ఇస్తే చాలు. మధురపూడి కొత్త భవనం పటంలో దానికి చోటు ఉండాలని ఇప్పుడే అడగాలి. తరువాత అడిగితే స్థలమంతా అద్దెకు పోయిందంటారు.

జెండాకర్ర | శనివారం, రాత్రి 9.30

ఇదంతా ఫలానా ప్రభుత్వం తెచ్చింది. ముందున్నవాళ్ళు ఏమీ చేయలేదు. శంకుస్థాపన రోజు వేదిక మీద ఎవరున్నారో

[సందేశంలో మిగతా భాగాన్ని నిర్వాహకుడు తొలగించారు.]

నిర్వాహకుడు | శనివారం, రాత్రి 9.50

పార్టీల పేర్లు, ఎవరు తెచ్చారన్న వాదనలు ఇక్కడ వద్దు. వాటికి వేరే విభాగం ఉంది, అక్కడ ఇప్పటికే నాలుగు వందల సందేశాలున్నాయి, మీకు తోడు దొరుకుతుంది.

సివిల్‌పని | ఆదివారం, ఉదయం 7.15

కోనసీమ కోడలు గారూ, క్షమించండి, అంకెల్లో పడి మీ మాట దాటేశాం. నిజానికి మీ ప్రశ్నే ఈ చర్చకు నడుము.

ఏరోబ్రిడ్జి (భవనం నుంచి నేరుగా విమానం తలుపు దాకా వేసే నడకదారి) వస్తోందని అందరూ మురిసిపోతున్నారు. అది ఎయిర్‌బస్ తలుపు ఎత్తుకు సరిపోతుంది. ఏటీఆర్ నేలకు దగ్గరగా ఉంటుంది, ఎక్కే తలుపు వెనక ఉంటుంది, ఆ తలుపుకే మెట్లు అమర్చి ఉంటాయి. మామూలు ఏరోబ్రిడ్జి దానికి అందదు. అంటే ఏటీఆర్‌లు నడిచినన్నాళ్ళు, ఎన్ని ఏరోబ్రిడ్జిలు పెట్టినా మీ అత్తగారిలాంటివాళ్ళు నేల మీద నుంచే ఎక్కాలి. కావలసింది ఏటవాలుగా ఉండే ర్యాంపు. తలుపుకు ఆనించి కుర్చీని పైకి తోస్తారు. ఎయిర్‌బస్ అయితే ఆంబులిఫ్ట్ అనే బండి ఉంటుంది. కుర్చీతో సహా గదిలోకి ఎక్కించుకుని, గదినే తలుపు ఎత్తుకు లేపుతుంది. ఈ రెండింటి ఖర్చు కలిపినా 347 కోట్లలో ఒక మూలకు రాదు.

మీరు చెయ్యాల్సింది: టికెట్ తీసుకున్న విమాన సంస్థకు కనీసం 48 గంటల ముందు ఫోను చేసి చెప్పండి. "చక్రాల కుర్చీ కావాలి" అంటే సరిపోదు. "మెట్లు అసలు ఎక్కలేరు, సీటు దాకా సాయం కావాలి" అని విడిగా చెప్పండి. ఈ రెంటికీ వాళ్ళ దగ్గర వేర్వేరు గుర్తులు ఉంటాయి. మొదటి గుర్తు పడితే కుర్చీ మెట్ల దగ్గర ఆగిపోతుంది, క్రితంసారి మీకు జరిగింది అదే అయి ఉండాలి. విమానం లోపల నడవా సన్నగా ఉంటుంది, దానికి సన్నని కుర్చీ వేరే ఉంటుంది, అది కూడా అడగండి. ర్యాంపు ఉందా అని పేరు పెట్టి అడగండి.

కోనసీమ కోడలు | ఆదివారం, ఉదయం 9.40

ఎంత మేలు చేశారండీ. రెండు గుర్తులుంటాయని ఎవరూ చెప్పలేదు. ఈ రోజే ఫోను చేస్తాను.

పాతపేపరు | ఆదివారం, ఉదయం 11.00

నా మాట కొంచెం సవరించుకుంటాను. భవనం వద్దని కాదు నా వాదన. 2027లో పుష్కరాలు ఉన్నాయి, అప్పటికి చోటు కావాలి, నిజమే. కానీ పన్నెండు రోజుల పుష్కరాలకు సరిపడా కట్టి మిగతా పన్నెండేళ్ళు దీపాలు ఆర్పుకుని కూర్చోకూడదు.

మరో సంగతి ఎవరూ ఎత్తలేదు. 2021లో కేంద్రం ప్రకటించిన ఆస్తుల నగదీకరణ (ప్రభుత్వ ఆస్తులను ప్రైవేటుకు లీజుకిచ్చి డబ్బు రాబట్టడం) జాబితాలో 25 విమానాశ్రయాలున్నాయి. అందులో తిరుపతి, విజయవాడలతో పాటు రాజమండ్రి కూడా ఉంది. అంటే ఇప్పుడు మాస్టారు చెప్పిన రుసుములతో కట్టి, ఆ తరువాత లీజుకు ఇచ్చే అవకాశం ఉంది. ఇస్తే ఇవ్వనివ్వండి. కానీ మంచినీళ్ళు, మరుగుదొడ్లు, చవక టీ, ర్యాంపు ఇవన్నీ ఒప్పంద పత్రంలో అక్షరాలుగా ఉండాలి.

కాకినాడ కాజా | ఆదివారం, మధ్యాహ్నం 12.20

దీనికి నేనూ ఒప్పుకుంటాను. మీతో ఏకీభవించడం ఇదే మొదటిసారి, తేదీ రాసి పెట్టుకుంటున్నాను.

బస్సు గురించి కూడా అందరం కలిసి రాద్దాం. ఊరి నుంచి 18 కిలోమీటర్లు, కోరుకొండ రోడ్డు. కాకినాడ నుంచి వచ్చేవాళ్ళకు దారి ఖర్చే ఒక్కోసారి టికెట్‌లో సగం అవుతుంది. విమాన వేళలకు జతగా రాజమండ్రి, కాకినాడ, అమలాపురం వైపు బస్సులు వేస్తే టెర్మినల్ దానంతట అదే నిండుతుంది. పాతపేపరు గారు అడిగిన ఆరు ఎయిర్‌బస్‌లు అలా వస్తాయి, గేట్లు ఎత్తనక్కరలేదు.

లెక్కల మాస్టారు | ఆదివారం, రాత్రి 8.30

ముసాయిదా నేను రాస్తాను. అంశాలు: చక్రాల కుర్చీకి ర్యాంపు, ఆంబులిఫ్ట్, చవక టీ కౌంటర్, స్థానిక సంఘానికి ఒక దుకాణం, తెలుగు ప్రకటనలు, విమాన వేళలకు బస్సు, ఇమిగ్రేషన్‌కు చోటు పటంలోనే కేటాయించడం. మరుగుదొడ్ల శుభ్రతను గంటగంటకూ సంతకంతో నమోదు చేసే పట్టిక తలుపు మీద ఉండాలని కూడా చేరుస్తున్నాను. మేస్త్రి గారూ, మీ వైపు నుంచి ఏయే నెలల్లో ఎక్కువమంది వస్తారో ఒక అంచనా ఇస్తారా? విమాన సంస్థను ఒప్పించడానికి కన్నీళ్ళ కన్నా అదే పనికొస్తుంది.

మస్కట్ మేస్త్రి | సోమవారం, రాత్రి 11.50

ఇస్తానండీ. మా గదుల్లో ఉన్నవాళ్ళందరినీ అడిగి రాసుకుంటున్నాను. ఇప్పటికి 61 మంది పేర్లు వచ్చాయి, ఇంకా రెండు క్యాంపులు మిగిలి ఉన్నాయి. సంక్రాంతికి వచ్చేవాళ్ళే ఎక్కువ.

కోనసీమ కోడలు | గురువారం, రాత్రి 9.20

హైదరాబాదు చేరాం. ర్యాంపు ఉంది! మా అత్తగారు కుర్చీ దిగకుండానే తలుపు దాకా వెళ్ళారు, కిటికీ పక్కన కూర్చుని గోదావరి కనిపిస్తుందేమోనని మెడ తిప్పి తిప్పి చూశారు. ఇంజను అడ్డం వచ్చింది.

తిరుగు ప్రయాణం వచ్చే నెలలో, ఈసారి ఎయిర్‌బస్. సివిల్‌పని గారూ, ఆంబులిఫ్ట్ సంగతి దిగే ఊరిలో అడగాలా, ఎక్కే ఊరిలోనా?

సివిల్‌పని | గురువారం, రాత్రి 9.45

రెండు చోట్లా కావాలి కాబట్టి విమాన సంస్థకే ఒక్కసారి చెప్పండి, రెండు ఊళ్ళకూ వాళ్ళే కబురు పంపుతారు. 48 గంటల సంగతి మరచిపోకండి. ఈసారి రెక్కకు ముందున్న వరుసలో సీటు అడగండి.